గోదురుకప్పల వంశవృక్షం: తేలిన సంగతులు, తేలవలసినవి

తొలకరి పడిన రాత్రి వీధిదీపం కింద పురుగుల కోసం కాచుకు కూర్చునే గోదురుకప్పను ఎరగనివాళ్లు తెలుగునాట అరుదు. గరుకు చర్మం, వీపు నిండా బొడిపెలు, కళ్ల వెనక ఉబ్బెత్తుగా రెండు గ్రంథులు, పెద్ద గెంతులు వేయలేని పొట్టి కాళ్లు. ఈ గుర్తులతో దాన్ని మిగతా కప్పల నుంచి పిల్లలు కూడా వేరు చేస్తారు. శాస్త్రానికి మాత్రం ఈ గుర్తులు చాలలేదు. గరుకు చర్మమున్న కప్పల్లో గోదురుకప్పలు కానివి చాలా ఉన్నాయి. నున్నని ఒళ్లు, సన్నని నడుము, బంగారు రంగు ఉన్న కప్పల్లో అసలైన గోదురుకప్పలూ ఉన్నాయి.

బ్యుఫోనిడే కుటుంబానికి చెందినవాటినే జంతుశాస్త్రం అసలైన గోదురుకప్పలుగా లెక్కిస్తుంది. 1825లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జాన్ ఎడ్వర్డ్ గ్రే ఈ కుటుంబానికి పేరు పెట్టాడు. నేడు ఇందులో 600కు పైగా జాతులు, 50కి పైగా ప్రజాతులు ఉన్నాయి. ఆస్ట్రేలియా, న్యూగినీ, మడగాస్కర్, అంటార్కిటికాలను మినహాయిస్తే దాదాపు ప్రపంచమంతటా ఇవి సహజంగానే నివసిస్తాయి. ఇంత పెద్ద కుటుంబాన్ని ఎలా విభజించాలి, ఆ విభజన నిజమైన చుట్టరికాలను చూపుతోందా అన్న ప్రశ్న రెండున్నర శతాబ్దాలుగా నలుగుతోంది. గత ఇరవై ఏళ్లలో దానికి బలమైన జవాబులు వచ్చాయి. వాటిని ఒకచోట చేర్చి చూస్తే నాకు తోచిన సారాంశం ఇది: మనకు బాగా తెలిసిన బొడిపెల గోదురుకప్ప ఈ కుటుంబంలో ప్రపంచమంతా పాకిన ఒక శాఖకు మాత్రమే ప్రతినిధి. కుటుంబపు అసలు సంపద ఒక్కో కొండకు, ఒక్కో సెలయేటికి పరిమితమైన జాతుల్లో ఉంది. వర్గీకరణ సరిగా లేకపోతే ఆ సంపద చేజారిన సంగతి కూడా మనకు తెలియకుండా పోతుంది.

కుటుంబానికి హద్దులు ఏవి?

గోదురుకప్పలకు పళ్లు ఉండవు. చాలా కప్పలకు కనీసం పైదవడలోనైనా చిన్న పళ్లుంటాయి. ఈ కుటుంబంలో రెండు దవడలూ బోసివే. కానీ పళ్లు లేకపోవడం ఒక్కటే చూసి తీర్పు చెప్పలేం. కప్పల పరిణామ చరిత్రలో పళ్లు 20 సార్లకు పైగా వేర్వేరుగా అంతరించాయని 2021లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. కళ్ల వెనక ఉండే పారోటాయిడ్ గ్రంథులు మరో గుర్తు. విషం స్రవించే ఈ గ్రంథులు మన ఊరి గోదురుకప్పలో కొట్టొచ్చినట్టు కనబడతాయి గానీ, కుటుంబంలోని చాలా ప్రజాతుల్లో అసలు లేవు.

వీటికన్నా నమ్మదగినది శరీరం లోపల దాగిన ఒక చిన్న భాగం. మగ గోదురుకప్ప వృషణాల పైకొనను అంటుకుని, ఎదగని అండాశయం వంటి కణజాలం ఉంటుంది. 19వ శతాబ్దపు శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్రిక్ బిడ్డర్ పేరు మీద దాన్ని బిడ్డర్ అవయవం అంటారు. వృషణాలను తొలగిస్తే ఈ కణజాలం క్రమంగా పెరిగి అండాశయంగా మారుతుందని 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల ప్రయోగాలు చూపాయి. మరే కప్పల కుటుంబంలోనూ ఇలాంటిది లేదు. దీనికీ మినహాయింపు ఉంది: దక్షిణ అమెరికా దక్షిణ భాగాన ఉండే మెలనోఫ్రైనిస్కస్ ప్రజాతిలో బిడ్డర్ అవయవం కనబడదు. డీఎన్ఏ పరిశోధనలు కూడా ఈ ప్రజాతే మిగతా గోదురుకప్పలన్నిటి నుంచి అన్నిటికన్నా ముందు విడిపోయిందని చెబుతున్నాయి. అంటే ఆ అవయవం కుటుంబం పుట్టిన తర్వాత, తొలి చీలిక జరిగాక ఏర్పడి ఉండాలి. శరీర నిర్మాణమూ జన్యువులూ ఇలా ఒకే మాట చెప్పినప్పుడు వర్గీకరణ మీద నమ్మకం కుదురుతుంది.

ఈ హద్దులు గీశాక పాత అలవాట్లు కొన్ని సరిదిద్దుకోవాల్సి వస్తుంది. ఐరోపాలో గుడ్ల దండను వెనక కాళ్లకు చుట్టుకుని తిరిగే మగ అలైటిస్ కప్పలు, ఎరుపో పసుపో మచ్చల పొట్ట చూపి శత్రువును బెదిరించే బొంబినా కప్పలు, ఉత్తర అమెరికా పొడినేలల్లో పాదంతో మట్టి తవ్వి లోపలికి దిగే స్కాఫియోపస్ కప్పలు, వీటన్నిటినీ ఆ ప్రాంతాల వాళ్లు టోడ్లనే పిలుస్తారు. వీటిలో ఒక్కదానికీ బ్యుఫోనిడేతో దగ్గరి చుట్టరికం లేదు. పనామా దేశపు జాతీయ చిహ్నాల్లో ఒకటైన బంగారు కప్ప, అటెలోపస్ జెటెకి, చూడటానికి సన్నగా నున్నగా ఉన్నా అసలైన గోదురుకప్పే.

లిన్నేయస్ నుంచి బ్లెయిర్ దాకా

1758లో లిన్నేయస్ కప్పలన్నిటినీ, గోదురుకప్పలతో సహా, రానా అనే ఒకే ప్రజాతిలో పెట్టాడు. ఐరోపా గోదురుకప్ప అతనికి రానా బ్యుఫో. దక్షిణ అమెరికాలోని పెద్ద గోదురుకప్ప రానా మరీనా. పదేళ్ల తర్వాత, 1768లో, వియన్నాలో జోసెఫస్ లారెంటి తన గ్రంథంలో బ్యుఫోను వేరు ప్రజాతిగా వర్ణించాడు. 1799లో జర్మన్ పండితుడు యోహాన్ గోట్‌లోబ్ ష్నైడర్ మన ఊళ్లలో కనబడే గోదురుకప్పకు బ్యుఫో మెలనోస్టిక్టస్ అని పేరు పెట్టాడు. ఆ తర్వాత వందేళ్లకు పైగా, ఏ ఖండంలో బొడిపెల కప్ప దొరికినా దాన్ని బ్యుఫోలో చేర్చడం ఆనవాయితీ అయింది. 1882లో బ్రిటిష్ మ్యూజియం కప్పల పట్టికను, 1890లో బ్రిటిష్ ఇండియా ఉభయచరాల సంపుటాన్ని తయారుచేసిన జార్జ్ ఆల్బర్ట్ బౌలెంజర్ కూడా ఆ బాటలోనే నడిచాడు. చెట్టెక్కేవి, ఏటి రాళ్లకు అతుక్కునేవి, వేళ్లు తగ్గినవి, ఇలా కంటికి వింతగా ఉన్నవాటికి వేరు ప్రజాతులు పెట్టారు. మిగిలినవన్నీ బ్యుఫో అనే గంపలో పడ్డాయి. 20వ శతాబ్దం ముగిసేసరికి ఆ గంపలో రెండు వందలకు పైగా జాతులు పోగయ్యాయి.

ఆ గంపను మొదట శ్రద్ధగా తిరగేసినవాడు టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన డబ్ల్యు. ఫ్రాంక్ బ్లెయిర్. వేర్వేరు జాతుల గోదురుకప్పలను ప్రయోగశాలలో సంకరం చేయించి, పిండాలు ఎంతవరకు ఎదుగుతాయో గమనించడం ఆయన పద్ధతి. దగ్గరి చుట్టాల సంకరంలో పిల్లలు బతుకుతాయి. దూరపు చుట్టాల సంకరంలో పిండం తొలిదశలోనే చనిపోతుంది. పుర్రె ఆకారం, చర్మ విషాల రసాయనం, అరుపుల నమూనా, క్రోమోజోములు కూడా కలిపి ఆయన సంపాదకత్వంలో 1972లో వచ్చిన ‘ఎవల్యూషన్ ఇన్ ద జీనస్ బ్యుఫో’ అనే ఉద్గ్రంథం ఆ కాలానికి గొప్ప అడుగు. పలు రంగాల పరిశోధకులు ఒకే ప్రశ్న మీద కలిసి పనిచేయడం ఎంత ఫలితమిస్తుందో ఆ పుస్తకం నిరూపించింది. అయినా సంకర ప్రయోగానికి ఒక లోపం ఉంది. కలిసి పిల్లల్ని కనగలగడం చాలాసార్లు పూర్వీకుల నుంచి అలాగే మిగిలిపోయిన లక్షణం. అది ఎవరు ఎవరికి దగ్గరో ప్రతిసారీ సరిగా చెప్పలేదు. ఆ పని డీఎన్ఏ వచ్చాకే సాధ్యమైంది.

2006 మలుపు

2006లో న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీకి చెందిన డారెల్ ఫ్రాస్ట్, మరికొందరు కలిసి ఉభయచరాల వంశవృక్షాన్ని ప్రచురించారు. 500కు పైగా జాతుల జన్యు సమాచారం మీద నిలిచిన ఆ అధ్యయనం బ్యుఫో ప్రజాతిని ముక్కలు చేసింది. ఎందుకంటే వర్గీకరణలో ఒక పేరు కింద ఉన్నవన్నీ ఒకే పూర్వీకుడి సంతానం కావాలి, ఆ సంతానంలో ఎవరినీ బయట వదలకూడదు. పాత బ్యుఫో ఈ పరీక్షలో నిలవలేదు. అందులోని ఆసియా జాతులు కొన్ని, అమెరికా బ్యుఫోల కన్నా ఆసియా చెట్టు గోదురుకప్పలకే దగ్గరగా తేలాయి. ఆఫ్రికా బ్యుఫోలది మరో దారి.

కొత్త విభజన ప్రకారం ఉత్తర అమెరికా జాతులు అనాక్సిరస్‌లోకి వెళ్లాయి. మధ్య అమెరికావి నేడు ఇన్సిలియస్, దక్షిణ అమెరికాలో అత్యధికం రైనెల్లా, ఆఫ్రికాలో పెద్ద భాగం స్క్లెరోఫ్రిస్, ఐరోపా నుంచి మధ్య ఆసియా దాకా ఉన్న ఆకుపచ్చ గోదురుకప్పలు బ్యుఫోటెస్. బ్యుఫో అనే పేరు ఐరోపా, తూర్పు ఆసియాల్లోని కొద్ది జాతులకే మిగిలింది. భారత ఉపఖండంలో ఎక్కువ జాతులకు దత్తాఫ్రైనస్ అనే కొత్త ప్రజాతి ఏర్పడింది. ఒడిశాకు చెందిన ఉభయచర శాస్త్రజ్ఞుడు సుశీల్ కుమార్ దత్తా గౌరవార్థం ఆ పేరు పెట్టారు. మన గోదురుకప్ప ఇప్పుడు దత్తాఫ్రైనస్ మెలనోస్టిక్టస్.

ఈ మార్పు మీద అభ్యంతరాలు గట్టిగానే వచ్చాయి. పాత పేరు మీద వేల పరిశోధన పత్రాలు, వైద్య గ్రంథాలు, చట్టాల జాబితాలు ఉన్నాయి. కొన్ని కొత్త పేర్లు కూడా కుదురుగా నిలవలేదు. కోస్టారికా బంగారు గోదురుకప్ప బ్యుఫో నుంచి క్రానాప్సిస్‌కు, అక్కడి నుంచి ఒల్లోటిస్‌కు, చివరికి ఇన్సిలియస్‌కు చేరడానికి నాలుగేళ్లు కూడా పట్టలేదు. ఆఫ్రికా జాతులకు 2006లో పెట్టిన అమైటోఫ్రైనస్ అనే పేరు, దానికన్నా పాతదైన స్క్లెరోఫ్రిస్ వెలుగులోకి రావడంతో పదేళ్లకే పక్కకు తప్పుకుంది. ఈ ఇబ్బందులు నిజమైనవే. అయినా విభజన సరైన నిర్ణయమనే నేను నమ్ముతున్నాను. తర్వాత వచ్చిన విస్తృత జన్యు అధ్యయనాలు ఈ కొమ్మల్లో ప్రధానమైనవాటిని మళ్లీ మళ్లీ ధ్రువపరిచాయి. అన్నిటికీ ఒకే పేరున్నంత కాలం ఒక కొమ్మ ఎండిపోయినా ‘బ్యుఫోకేం ఢోకా లేదు’ అనుకునే ప్రమాదం ఉండేది.

పుట్టింది ఎక్కడ, పాకింది ఎలా

కుటుంబంలో తొలుత విడిపోయిన కొమ్మలైన మెలనోఫ్రైనిస్కస్, అటెలోపస్, ఒసోర్నోఫ్రైన్ వంటివి దక్షిణ, మధ్య అమెరికాల్లోనే ఉన్నాయి. జెన్నిఫర్ ప్రమూక్ బృందం 2008లో చేసిన విశ్లేషణ ప్రకారం గోదురుకప్పల పుట్టుక దక్షిణ అమెరికాలో, క్రెటేషియస్ యుగపు చివరి భాగంలో, గోండ్వానా మహాఖండం చీలిన తర్వాత జరిగింది. అక్కడి నుంచి ఇవి ఇతర ఖండాలకు భూగర్భ కాలమానంలో చాలా వేగంగా వ్యాపించాయి. కొమ్మలన్నీ కొద్దికాలంలోనే చీలడం వల్ల ఏది ముందు, ఏది వెనక అన్నది తేల్చడం ఇప్పటికీ కష్టంగానే ఉంది.

ఇంత వేగం ఎలా వచ్చింది? 2010లో ఇనెస్ వాన్ బోక్స్‌లేర్, ఫ్రాంకీ బోసైట్ బృందం సైన్స్ పత్రికలో దీనికి జవాబిచ్చింది. విస్తరణకు తోడ్పడిన ఏడు లక్షణాలను వాళ్లు గుర్తించారు. పెద్ద శరీరం, నీటికి దూరంగా బతకగల శక్తి, పారోటాయిడ్ గ్రంథులు, గజ్జల్లో కొవ్వు నిల్వలు, ఒకేసారి వేలకొద్దీ గుడ్లు, దొరికిన నీటిలోనే గుడ్లు పెట్టే స్వభావం, సొంతంగా మేత వెతుక్కునే తోకకప్పలు. ఈ లక్షణాలు ఒక్కటొక్కటిగా కూడి, అన్నీ ఒకచోట చేరాక ప్రపంచ విస్తరణ మొదలైంది. మన వీధి గోదురుకప్పలో ఈ ఏడూ ఉన్నాయి. ఎండకు తట్టుకుని, వాన గుంట కనబడితే గుడ్లు పెట్టి, ఏ ఊరికైనా అలవాటుపడే దాని తీరుకు మూలం ఇదే.

భారతదేశపు గోదురుకప్పలు గోండ్వానా నుంచి విడిపోయిన భారత ఫలకంతో పాటు కొట్టుకొచ్చాయని ఊహించడం సులువు. జన్యువులు అలా చెప్పడం లేదు. భారత ఫలకం ఆసియాకు తగిలిన తర్వాత ఇవి ఆసియా వైపు నుంచి లోపలికి వచ్చి, పడమటి కనుమల్లోనూ శ్రీలంకలోనూ కొత్త రూపాలుగా విస్తరించాయని 2009లో వాన్ బోక్స్‌లేర్ బృందం చూపింది.

ఒకే కుటుంబం, పలు బతుకులు

సాధారణ గోదురుకప్ప జీవితం మనకు తెలిసిందే. ఆడది నీటిలో జిగురు దారాల్లో ముత్యాల వరసలా వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. నల్లని తోకకప్పలు గుంపులుగా ఈదుతాయి. ధార్వాడ్‌లోని కర్ణాటక విశ్వవిద్యాలయంలో ఎస్.కె. సైదాపూర్ బృందం చేసిన ప్రయోగాల్లో, మన గోదురుకప్ప తోకకప్పలు తమ తోబుట్టువులను గుర్తుపట్టి వాటి పక్కకే చేరతాయని తేలింది. కుటుంబంలో మిగతా జాతులను చూస్తే ఈ జీవనచక్రం ఎన్ని మలుపులు తిరిగిందో తెలుస్తుంది.

నీరు దొరకని చోట పిల్లల్ని పెంచే దారులు అనేకం. తూర్పు ఆఫ్రికా తీరంలోని మెర్టెన్సోఫ్రైన్ మైక్రానోటిస్ ఖాళీ నత్తగుల్లల్లో, కొబ్బరి చిప్పల్లో నిలిచిన గుక్కెడు నీటిలో గుడ్లు పెడుతుంది. మేఘాలయలో చిరపుంజి చుట్టుపక్కల మాత్రమే ఉండే బ్యుఫాయిడెస్ మేఘాలయానస్ మొగలి ఆకుల మొదళ్లలో నిలిచే నీటిని ఆశ్రయిస్తుంది. పడమటి కనుమల పెడోస్టిబెస్ ట్యూబర్‌క్యులోసస్ చెట్టు తొర్రల్లోని నీటిని వాడుకుంటుంది. ఆగ్నేయాసియాలో పెలోఫ్రైన్ చిరుకప్పల పిల్లలు బయటి మేత లేకుండా గుడ్డులోని సొన మీదే బతికి రూపవిక్రియ పూర్తిచేస్తాయి.

జోరుగా పారే ఏళ్లలో మరో ఉపాయం. అటెలోపస్ తోకకప్పలకు పొట్ట మీద పెద్ద చూషకం ఉంటుంది. దానితో రాళ్లను పట్టుకుని ప్రవాహానికి ఎదురు నిలుస్తాయి. ఆగ్నేయాసియా అన్సోనియా తోకకప్పలు అదే పని నోటితో చేస్తాయి. ఒకే అవసరానికి రెండు ఖండాల్లో రెండు వేర్వేరు పరిష్కారాలు పుట్టాయి.

వెనెజువెలా, గయానా ప్రాంతాల్లో నిటారు గోడల్లాంటి బల్లపరుపు కొండల మీద ఒరియోఫ్రైనెల్లా ప్రజాతి బతుకుతోంది. నల్లరాతి మీద నల్లగా కలిసిపోయే ఈ చిన్న కప్పలు గెంతలేవు. ఒరియోఫ్రైనెల్లా నైగ్రా ప్రమాదం కనబడగానే కాళ్లు ముడుచుకుని గులకరాయిలా వాలు మీద దొర్లిపోతుంది. ఈ ప్రజాతిలో తోకకప్ప దశ లేదు. గుడ్డులోంచి నేరుగా బుల్లి కప్ప బయటికి వస్తుంది.

ఈ కుటుంబం సాధించిన అన్నిటిలోకీ అబ్బురమైనది ఆఫ్రికాలో ఉంది. టాంజానియా కొండ అడవుల నెక్టోఫ్రైనాయిడెస్ జాతులు పిల్లల్ని కంటాయి. గుడ్లు తల్లి కడుపులోనే ఎదుగుతాయి. గినియా, కోట్ డివార్, లైబీరియా సరిహద్దుల్లోని నింబా పర్వతం మీది నింబాఫ్రైనాయిడెస్ ఆక్సిడెంటాలిస్ ఇంకో మెట్టు పైకి ఎక్కింది. దాని పిండాలు సొన మీద కాక తల్లి గర్భాశయ స్రావాల మీద బతుకుతాయి. తొమ్మిది నెలలు మోసి తల్లి కొద్దిపాటి పిల్లల్ని పూర్తిగా ఎదిగిన బుల్లి కప్పలుగా కంటుంది. కప్పల లోకంలో ఇంత పూర్తి శిశూత్పాదనకు సాటి రాగల ఉదాహరణ దొరకదు.

జన్యు నిర్మాణంలోనూ వింతలున్నాయి. కారాకోరం పర్వతాల్లో బతురా హిమానీనదం పక్కన ఉండే బ్యుఫోటెస్ బతురేకు క్రోమోజోములు రెండు జట్లు కాక మూడు జట్లు ఉంటాయి. సాధారణంగా మూడు జట్లున్న జంతువు గొడ్డుపోతుంది. ఈ కప్పలు మాత్రం ఆడా మగా కలిసి మామూలుగానే సంతానం కంటున్నాయని 2002లో నేచర్ జెనెటిక్స్ పత్రిక ప్రకటించింది.

విషం: రక్షణ, ఆయుధం, ఉపద్రవం

గోదురుకప్పను ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయనేది అపోహ. పులిపిర్లకు కారణం మనుషుల మధ్య వ్యాపించే వైరస్. గోదురుకప్ప విషం మాత్రం నిజమే. పారోటాయిడ్ గ్రంథుల్లోని తెల్లని స్రావంలో బ్యుఫాడైయెనొలైడ్లు అనే పదార్థాలుంటాయి. కణాల్లో సోడియం, పొటాషియంలను అటూ ఇటూ తోడే పంపును ఇవి నిలిపివేస్తాయి; గుండె లయ తప్పుతుంది. చైనా వైద్యంలో ఈ స్రావాన్ని ఎండబెట్టి చాన్ సు అనే మందుగా వాడారు.

ఆసియా, ఆఫ్రికాల్లో పాములు చాలా తరాలుగా గోదురుకప్పలతో సహజీవనం చేసి, ఆ పంపులో స్వల్ప మార్పులతో విషాన్ని తట్టుకునే శక్తి పొందాయి. జపాన్‌లోని రాబ్డోఫిస్ పాము ఒక అడుగు ముందుకేసి, తాను తిన్న గోదురుకప్పల విషాన్ని మెడ గ్రంథుల్లో దాచుకుని తన రక్షణకు వాడుకుంటుంది. గోదురుకప్పలే లేని ఆస్ట్రేలియాలో జంతువులకు ఈ రక్షణ లేదు. 1935లో చెరకు పంటను తొలిచే పెంకుపురుగులను తింటాయనే ఆశతో హవాయి నుంచి సుమారు వంద పెద్ద గోదురుకప్పలను క్వీన్స్‌లాండ్‌కు తెచ్చి పెంచి వదిలారు. పురుగుల బెడద తీరలేదు. కప్పలు మాత్రం ఖండం ఉత్తర భాగమంతా పాకాయి. వాటిని తిన్న బల్లులు, మాంసాహారి మార్సుపియల్స్, పాములు కుప్పలుగా చనిపోయాయి. పడమటి దిశగా ముందు వరసలో దూసుకెళ్లే కప్పల కాళ్లు పొడవవుతున్నాయని 2006లో తేలింది.

ఈ చరిత్ర మడగాస్కర్‌లో మళ్లీ జరుగుతోంది. 2014లో అక్కడి తొమాసినా రేవు పరిసరాల్లో దత్తాఫ్రైనస్ మెలనోస్టిక్టస్ కనబడింది. అది ఎక్కడి నుంచి వచ్చిందో వర్గీకరణే పట్టిచ్చింది. ఈ జాతిగా పిలిచేది నిజానికి బాగా విడిపోయిన కొన్ని జన్యు వంశాల కలయిక అని 2016లో తేలింది. మడగాస్కర్ కప్పలు భారత వంశానివి కావు, కంబోడియా, వియత్నాం ప్రాంతాల వంశానివని మరుసటి ఏడు గుర్తించారు. అమెరికా పెద్ద గోదురుకప్ప విషయంలోనూ ఇలాగే జరిగింది: ఆండీస్ పర్వతాలకు తూర్పున ఉన్నవే రైనెల్లా మరీనా, పడమటివి వేరే జాతి రైనెల్లా హారిబిలిస్ అని 2016లో విడదీశారు. శ్రీలంకలో దీనికి ఎదురు పరిణామం కనబడింది. 1876 తర్వాత కనబడలేదని అంతరించిన జాబితాలో చేర్చిన అడెనోమస్ కాండియానస్ మళ్లీ దొరికింది. ఆ తర్వాత జన్యువులు పోల్చి చూస్తే 1998లో కొత్త జాతిగా వర్ణించిన అడెనోమస్ దాసి, అదీ ఒక్కటేనని తేలింది. జాతుల సంఖ్య పెంచడమో తగ్గించడమో వర్గీకరణ లక్ష్యం కాదు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడమే దాని పని.

పోయినవి, పోతున్నవి

కోస్టారికాలోని మోంటేవెర్డే మేఘారణ్యంలో ఇన్సిలియస్ పెరిగ్లెనెస్ అనే బంగారు గోదురుకప్ప ఉండేది. 1987లో సంతానోత్పత్తి కాలంలో 1,500కు పైగా కనబడ్డాయి. 1989 మేలో ఒక్క మగది కనబడింది. అదే ఆఖరు. 2004లో అది అంతరించిందని ప్రకటించారు. కరువు, 1999లో శాస్త్రీయంగా వర్ణించిన కైట్రిడ్ శిలీంధ్రం కలిసి దాన్ని తుడిచిపెట్టాయని పరిశోధకుల అభిప్రాయం. అదే శిలీంధ్రం సుమారు వంద జాతులున్న అటెలోపస్ ప్రజాతిని దక్షిణ, మధ్య అమెరికాల్లో ఊచకోత కోసింది.

టాంజానియాలోని కిహాన్సి జలపాతపు తుంపరలో, సుమారు రెండు హెక్టార్ల తడినేలలో, నెక్టోఫ్రైనాయిడెస్ ఆస్పెర్జినిస్ అనే చిన్న గోదురుకప్ప 1996లో కనబడింది. 2000 నాటికి జలవిద్యుత్ ఆనకట్ట ఆ నీటిలో 90 శాతాన్ని మళ్లించింది. తుంపర ఆగింది. ఆ ఏడు 499 కప్పలను అమెరికా జంతుప్రదర్శనశాలలకు తరలించారు. 2009లో అడవిలో అంతరించినట్టు ప్రకటన వచ్చింది. 2012లో, కృత్రిమ తుంపర గొట్టాలు అమర్చి, పెంచిన కప్పలను తిరిగి అక్కడ వదిలారు. ఆ జాతికి పేరు పెట్టడం మరో పదేళ్లు ఆలస్యమై ఉంటే, అది ఉందన్న సంగతి కూడా ఎవరికీ తెలిసేది కాదు. 2023లో వెలువడిన ప్రపంచ ఉభయచర సమీక్ష ప్రకారం ఉభయచరాల్లో సుమారు 41 శాతం జాతులు ముప్పులో ఉన్నాయి.

భారతదేశం, తెలుగు నేల

మన దేశంలో గత ఇరవై ఏళ్ల పరిశోధన పాత పటాన్ని తిరగరాసింది. 2009లో ఎస్.డి. బిజు, సహపరిశోధకులు పడమటి కనుమల నుంచి జాంథోఫ్రైన్, ఘాటోఫ్రైన్ అనే రెండు కొత్త ప్రజాతులను వర్ణించారు. జాంథోఫ్రైన్ టైగరీనా మహారాష్ట్రలోని అంబోలి పీఠభూమికి చెందినది. 2016లో అండమాన్ దీవుల నుంచి పొదల మీద బతికే చిన్న గోదురుకప్ప బ్లైథోఫ్రైన్ బెర్యెట్ వెలుగులోకి వచ్చింది. అది కొత్త జాతే కాక కొత్త ప్రజాతి కూడా. అదే ఏడు ఆగ్నేయాసియా చెట్టు గోదురుకప్పలను రెంటాపియాగా విడదీయడంతో పెడోస్టిబెస్ పూర్తిగా పడమటి కనుమల సొత్తయింది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ కుటుంబాన్ని గుర్తించాలంటే తల మీది గట్లను చూడాలి. కళ్ల చుట్టూ నల్లని ఎముక గట్లు, నల్లమొన బొడిపెలు ఉన్నది అందరికీ తెలిసిన దత్తాఫ్రైనస్ మెలనోస్టిక్టస్. తల మీద గట్లు లేకుండా, పాలరాతి మచ్చల వీపుతో ఉన్నది స్టొమాటికస్. దీన్ని దత్తాఫ్రైనస్ నుంచి వేరుచేసి ఫిరూజోఫ్రైనస్ అనే ప్రజాతిలో పెట్టాలని ఇటీవల కొందరు నిర్ణయించారు. చిన్న శరీరం, సన్నని గట్లు ఉన్నది దత్తాఫ్రైనస్ స్కేబర్. నాలుగోది హోలోలియస్. 1876లో జంతుశాస్త్రజ్ఞుడు గుంథర్ మలబార్ నుంచి వచ్చిన నమూనా ఆధారంగా దీన్ని వర్ణించాడు. చదునైన ఒళ్లు, దాదాపు నున్నని చర్మం గల ఈ కప్ప నాగార్జునసాగర్ ప్రాంతంతో పాటు ద్వీపకల్పపు పొడి రాతినేలల్లో దొరకడంతో దాని గురించి మన అవగాహన మారింది. మలబార్ పేరు మోస్తున్న ఈ జాతికి అసలు ఇల్లు మన గుట్టల బండ నెర్రెలే.

ఇక్కడే మన బాధ్యత మొదలవుతుంది. మెలనోస్టిక్టస్ అనే ఒక్క పేరు కింద ఎన్ని వంశాలున్నాయో తేల్చాలంటే దక్కన్ నుంచి, తూర్పు కనుమల నుంచి, తీర మైదానాల నుంచి నమూనాలు, అరుపుల రికార్డులు కావాలి. మన కళాశాలల్లో జంతుశాస్త్రం చదివే విద్యార్థులు ఒక్క వర్షాకాలంలో చేయగల పని ఇది. పాఠ్యపుస్తకాల్లో బ్యుఫో మెలనోస్టిక్టస్ అనే పాత పేరు పక్కన కొత్త పేరునూ, అది మారిన కారణాన్నీ చేర్చాలి. పేరు మారిన కథే విద్యార్థికి పరిణామ శాస్త్రం మీద మంచి పాఠం. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థలు తయారుచేయాల్సిన ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లలో ‘కప్ప’ అని ఒక ముక్క రాసి వదిలేయకుండా, ఫొటోతో, చోటుతో, జాతి పేరుతో నమోదు చేయాలి. గ్రానైట్ కోసం గుట్టలను తొలిచే ముందు హోలోలియస్ అక్కడ ఉందో లేదో చూడాలి. ఊరి చెరువుల పక్కన వానాకాలపు గుంటలను పూడ్చకుండా ఉంచాలి. ఈ కుటుంబంలో ఏ కొమ్మ ఎక్కడ ఉందో తెలిస్తేనే దాన్ని కాపాడుకోగలం. ఆ పని ప్రారంభించడానికి తెలుగు నేలలో రాబోయే తొలకరి చాలు.